నగర నదుల పునరుద్ధరణ: ప్రజల చేతిలో ఉన్న పని

నగరం మధ్యలో పారే నదిని బాగుచేయడం అనగానే చాలామందికి ఒకే దృశ్యం గుర్తుకొస్తుంది. సెలవు రోజు పొద్దున్నే కొన్ని వందల మంది చేతితొడుగులు వేసుకుని గట్టున చేరతారు. ప్లాస్టిక్ కవర్లు, సీసాలు, చినిగిన బట్టలు గోనెసంచుల్లోకి ఎత్తుతారు. మధ్యాహ్నానికల్లా ఒడ్డు శుభ్రపడుతుంది, నెల తిరిగేసరికి అదే ఒడ్డు మళ్లీ మొదటికొస్తుంది. ఆ శ్రమను తక్కువ చేయనక్కర్లేదు. నదివైపు ఏనాడూ తొంగిచూడనివారిని నీటి దగ్గరికి తీసుకొచ్చేది తరచుగా అలాంటి రోజే. కానీ నదిని చంపుతున్నది ముఖ్యంగా కంటికి కనిపించే చెత్త కాదు, శుద్ధి చేయకుండా వదిలే మురుగునీరు, ఫ్యాక్టరీల వ్యర్థజలం, వానతో పాటు రోడ్ల మీద నుంచి కొట్టుకొచ్చే నూనె, మట్టి, రసాయనాలు. నీటిలో కరిగి పారే ఈ మాలిన్యాన్ని ఏ సంచిలోకీ ఎత్తలేం. అందువల్ల నదుల పునరుద్ధరణలో ప్రజల భాగస్వామ్యం గురించి మాట్లాడేటప్పుడు, చెత్త ఎత్తడం కాకుండా ప్రజలు చేయగలిగిన అసలు పని ఏమిటో ముందు తేల్చుకోవాలి.

నది ఎలా చచ్చిపోతుందో తెలిస్తే ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని నీటిలోని బ్యాక్టీరియా తింటుంది, తినే క్రమంలో నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. మురుగు ఎంత ఎక్కువగా కలిస్తే ఆక్సిజన్ అంత త్వరగా హరించుకుపోతుంది. ఆ ఆక్సిజన్ అవసరాన్ని కొలిచే లెక్కనే బీఓడీ అంటారు. స్నానానికి పనికొచ్చే నీటిలో బీఓడీ లీటరుకు 3 మిల్లీగ్రాములు మించకూడదని, కరిగిన ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదని భారతదేశపు ప్రమాణాలు చెబుతున్నాయి. ఆక్సిజన్ అడుగంటితే ముందు చేపలు పోతాయి, తర్వాత కుళ్లు వాసన మిగులుతుంది. లండన్‌లో 1858 వేసవిలో థేమ్స్ కంపు భరించలేక పార్లమెంటే ఇబ్బంది పడింది. ఆ తర్వాత కట్టిన భారీ మురుగు కాలువలు మురుగును నగరానికి దిగువన నదిలో వదిలాయి. నగరంలో కలరా తగ్గింది కానీ నది బాగుపడలేదు, 1957 నాటికి థేమ్స్‌లో జీవం లేదని శాస్త్రజ్ఞులు తేల్చారు. శుద్ధి కేంద్రాలను ఆధునికీకరించాకే, 1970ల్లో, సాల్మన్ చేప మళ్లీ ఆ నీటిలో కనిపించింది. మురుగు ఆగితే నది తనంతట తానే చాలావరకు కోలుకోగలదు. ఆపడమే కష్టం.

ఆ ఆపే పనిలో బరువైన భాగం ప్రభుత్వాలదే, ఇందులో సందేహానికి తావు లేదు. జర్మనీలోని రూర్ పారిశ్రామిక ప్రాంతంలో ఎంషర్ నది దాదాపు వందేళ్ల పాటు బహిరంగ మురుగు కాలువగా బతికింది. దానిని మార్చే పని 1992లో మొదలైంది. నదికి సమాంతరంగా 51 కిలోమీటర్ల భూగర్భ మురుగు కాలువ తవ్వారు, 500 కోట్ల యూరోలకు పైగా ఖర్చుపెట్టారు, దాదాపు మూడు దశాబ్దాల తర్వాత గానీ నదిలోకి మురుగు రావడం ఆగలేదు. ఏ స్వచ్ఛంద సంఘమూ ఇంత పని చేయలేదు, చేయాలని ఎవరూ ఆశించకూడదు కూడా. ప్రజల భాగస్వామ్యం పేరుతో ఈ బాధ్యతను పౌరుల మీదికి నెట్టే ధోరణి ఎక్కడ కనిపించినా అనుమానించాల్సిందే. మరి పౌరులకు మిగిలేది ఏమిటి అంటే, పటంలో గీసిన పైపుకూ నిజంగా మురుగు పారే దారికీ మధ్య ఉన్న దూరాన్ని కనిపెట్టడం.

ఈ దూరం ప్రతి పాత నగరంలోనూ ఉంటుంది. వాననీటి కోసం కట్టిన కాలువలోకి ఎవరో ఒక ఇంటి మురుగు పైపు కలిపేస్తారు, ఒక అపార్టుమెంటు తన సెప్టిక్ ట్యాంకు పొర్లు నీటిని అందులోకే మళ్లిస్తుంది, నేల కింద పగిలిన మురుగు పైపు పక్కనున్న వానకాలువలోకి ఊరుతుంది. కొత్త శుద్ధి కేంద్రం కట్టి ప్రారంభోత్సవం జరిపినా ఈ మురుగు దానిదాకా చేరదు, నేరుగా నదిలోకే పోతుంది. దీన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. వాన వెలిసి మూడు రోజులయ్యాక నది గట్టున నడుస్తూ ఏ వానకాలువ తూము నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయో చూస్తే చాలు. వాన లేని రోజున వాననీటి పైపు పారుతోందంటే అందులో వాన కాని నీరేదో ఉన్నట్టే. కొన్నిచోట్ల అది భూగర్భజలపు ఊట కావచ్చు. అది తేల్చడానికి వాలంటీర్లు వాడే ఒక పద్ధతి చాలా తేలికైనది. రంగూ, రసాయనమూ అంటని దూది ముక్కను చిన్న తీగ పంజరంలో పెట్టి తూము నోట్లో కట్టి కొన్ని రోజులు వదిలేస్తారు. తర్వాత దాన్ని తీసి ఆరబెట్టి చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద పెడతారు. బట్టలు తెల్లగా మెరవడానికి సబ్బుపొడుల్లో కలిపే రసాయనం ఆ నీటిలో ఉంటే దూది నీలంగా వెలుగుతుంది. ఊటనీటికి ఆ వెలుగు రాదు, బట్టలుతికిన నీళ్లకు వస్తుంది. అప్పుడు గట్టు మీద నుంచి పైకి, ఒక మ్యాన్‌హోల్ తర్వాత మరో మ్యాన్‌హోల్ దగ్గర అదే పరీక్ష చేస్తూ వెళ్తే దూది ఎక్కడ వెలగడం మానేస్తుందో దానికి కాస్త దిగువనే తప్పుడు కనెక్షన్ ఉంటుంది. మ్యాన్‌హోళ్లు తెరిచే పని పురపాలక సిబ్బంది సాయంతోనే జరగాలి. కానీ ఏ తూము దగ్గర మొదలుపెట్టాలో చెప్పేది ఆ గట్టున రోజూ నడిచే మనిషే.

అధికారుల తనిఖీలో ఒక సహజమైన పరిమితి ఉంది. తనిఖీ బృందం కొన్ని నెలలకోసారి, పనివేళల్లో, పగటిపూట వస్తుంది. నది ఆరోగ్యం మాత్రం గంట గంటకూ మారుతుంది. పగలు నాచు సూర్యరశ్మితో ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రంతా దాన్ని వాడుకుంటుంది, అందుకే తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అతి తక్కువగా ఉంటుంది. మధ్యాహ్నం రెండు గంటలకు తీసిన నమూనాలో నది బాగానే ఉన్నట్టు కనిపించి, అదే నదిలో సూర్యోదయానికి ముందు చేపలు తేలిపోతూ ఉండవచ్చు. వ్యర్థజలాన్ని రాత్రివేళ వదిలే ఫ్యాక్టరీ సంగతి కూడా పగటి తనిఖీకి చిక్కదు. నది పక్కన నివసించేవారికీ, చేపలు పట్టేవారికీ, పడవ నడిపేవారికీ ఈ మార్పులు తెలుసు. ఏ వారం నీళ్లకు ఏ రంగు వచ్చిందో, ఏ రాత్రి ఘాటు వాసన వచ్చిందో వాళ్లు చెప్పగలరు. అయితే జ్ఞాపకం సాక్ష్యంగా నిలవదు. దాన్ని తేదీ, సమయం, చోటు, కొలతతో కాగితం మీద పెట్టినప్పుడే దానికి బలం వస్తుంది.

అమెరికాలోని బోస్టన్ నగరం పక్కన పారే చార్లెస్ నది కథ ఈ కాగితం కథే. 1965లో ఏర్పడిన అక్కడి పరీవాహక సంఘం 1995 నుంచి వాలంటీర్లతో నెలనెలా నమూనాలు తీయిస్తోంది. నది పొడవునా 30కి పైగా చోట్ల, దాదాపు ఒకే సమయంలో, తెల్లవారుతుండగా నీళ్లు పడతారు. ఆ లెక్కల ఆధారంగా ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఏటా నదికి పరీక్షల్లో విద్యార్థికి ఇచ్చినట్టు ఒక గ్రేడు ప్రకటిస్తుంది. మొదటి ఏడాది వచ్చింది ‘డి’. ఆ అక్షరం చేసిన పని గొప్పది. బీఓడీ అంటే ఏమిటో తెలియనివారికి కూడా తమ నది దాదాపు తప్పిందని అర్థమైంది. ప్రతి ఏటా ఆ గ్రేడు పత్రికల్లో వస్తుంటే, దానికి జవాబు చెప్పాల్సిన పురపాలక సంఘాలకు తప్పించుకునే దారి మూసుకుపోయింది. తప్పుడు కనెక్షన్లు ఒక్కొక్కటిగా తీసేశారు, వాన పడినప్పుడు మురుగు పొర్లి నదిలో పడే తూములు మూశారు. రెండు దశాబ్దాల్లో గ్రేడు ‘బి’కీ, ‘ఏ’ దరిదాపులకూ చేరింది. 2013లో, 50 ఏళ్లకు పైగా గడిచాక, ఆ నదిలో జనం బహిరంగంగా ఈత కొట్టారు.

ఇలాంటి లెక్కలను ‘ఔత్సాహికుల పని’ అని కొట్టిపారేయడం అధికారులకు సులువు. దానికి జవాబు క్రమశిక్షణ ఒక్కటే. సీసా మూత లోపలి భాగాన్ని వేలితో తాకకూడదు. ప్రవాహానికి ఎదురుగా నిలబడి, కాళ్లతో బురద రేగకుండా, సీసా నోటిని ప్రవాహం వచ్చే వైపు తిప్పి నీళ్లు పట్టాలి. బ్యాక్టీరియా పరీక్షకైతే నమూనాను ఐసులో పెట్టి కొన్ని గంటల్లోనే ప్రయోగశాలకు చేర్చాలి, ఆలస్యమైతే అంకె అబద్ధం చెబుతుంది. కొన్ని నమూనాలను రెండేసి సీసాల్లో తీసి, రెండు ఫలితాలూ దగ్గరగా వస్తున్నాయో లేదో చూడాలి. శుద్ధమైన నీటిని కూడా ఒక సీసాలో నింపి, అది శుద్ధమని చెప్పకుండానే ప్రయోగశాలకు పంపాలి. ఈ నియమాలన్నీ ముందే రాసిపెట్టుకుని, వాటిని ప్రభుత్వ సంస్థ చేత ఆమోదింపజేసుకున్న సంఘాల లెక్కలను ఆ తర్వాత ఆ సంస్థ కాదనలేదు. బ్రిటన్‌లో గాలం వేసేవారి సంఘాలు చేసే పరీక్ష మరీ సరళం. మూడు నిమిషాల పాటు నది అడుగున ఉన్న గులకరాళ్లను కాలితో కదిలిస్తూ, దిగువన వల పట్టి, అందులో పడిన పురుగుల పిల్లలను ఎనిమిది రకాలుగా వేరుచేసి లెక్కపెడతారు. ఆక్సిజన్ లేని నీటిలో బతకలేని రకాలు ఒక్కసారిగా మాయమైతే, పైన ఎక్కడో విషం కలిసిందని ఏ యంత్రం కంటే ముందే తెలిసిపోతుంది.

లెక్క ఒక్కటే చాలదు, దాన్ని పట్టుకుని అడగడానికి చట్టంలో చోటు ఉండాలి. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో కయహోగా నది నీటిపై తేలే చమురు, చెత్త అంటుకుని 1969 జూన్ 22న మండింది. నిజానికి ఆ నది అంతకు ముందు అనేకసార్లు మండింది, 1952 నాటి మంట దానికంటే చాలా పెద్దది. 1969లో తేడా జనంలో వచ్చింది, నది మండటాన్ని పరిశ్రమల కోసం చెల్లించక తప్పని మూల్యంగా చూడటానికి వాళ్లు ఇక సిద్ధంగా లేరు. 1972లో వచ్చిన అమెరికా స్వచ్ఛజల చట్టంలో అందరి దృష్టీ పడాల్సిన నిబంధన ఒకటుంది. అనుమతిని మించి వ్యర్థాలు వదిలే సంస్థ మీద, 60 రోజుల ముందస్తు నోటీసు ఇచ్చి, సాధారణ పౌరుడు కూడా దావా వేయవచ్చు. ప్రభుత్వ శాఖ నిద్రపోయినా చట్టం నిద్రపోకుండా చూసే ఏర్పాటు ఇది. పైగా ప్రతి సంస్థా తాను వదిలిన వ్యర్థాల కొలతలను తానే నమోదు చేసి ఇవ్వాలి, ఆ నివేదికలు బహిరంగం. వాటిని ఓపికగా చదివిన సంఘాలు సంస్థల సొంత అంకెలతోనే కేసులు గెలిచాయి. అంతకు ముందే, 1966లో, న్యూయార్క్ దగ్గర హడ్సన్ నది జాలర్లు సంఘం కట్టి 1899 నాటి పాత చట్టాన్ని వెలికితీశారు. నదిలో వ్యర్థాలు వదిలినవారికి పడే జరిమానాలో సగం సమాచారం ఇచ్చినవారికి దక్కాలని అందులో ఉంది. బతుకుతెరువు పోగొట్టుకున్న జాలరికి దశాబ్దాల నాటి ఆ చట్టమే ఆయుధమైంది.

ఇంగ్లండ్‌లోని ఇల్క్‌లీ అనే చిన్న పట్టణం చూపిన దారి మరోరకం. అక్కడి వార్ఫ్ నదిలో పిల్లలు ఆడుకునే చోట మురుగు పొర్లుతోందని స్థానికులు గమనించారు. నదులను స్నానపు జలాలుగా గుర్తించే నిబంధన ఆ దేశంలో ఉన్నా అప్పటిదాకా ఏ నదికీ దాన్ని వర్తింపజేయలేదు. స్థానికులు సొంతంగా నీటి పరీక్షలు చేయించారు, ఎంతమంది నీళ్లలోకి దిగుతున్నారో చూపించి గుర్తింపు కోరారు. 2020 డిసెంబరులో అది దొరికింది. గుర్తింపు వల్ల నీళ్లు శుభ్రపడలేదు, తర్వాతి సంవత్సరం పరీక్షల్లో ఆ చోటుకు అధమ శ్రేణే వచ్చింది. కానీ ఆ రోజు నుంచి పరీక్షించడం, ఫలితాన్ని గట్టున బోర్డు మీద రాసిపెట్టడం ప్రభుత్వ విధి అయిపోయింది. కొలిచే భారం పౌరుల భుజాల మీద నుంచి, అది ఉండాల్సిన చోటికి చేరింది.

భారతదేశంలో ఈ చట్టపు తలుపు కోర్టుల ద్వారా తెరుచుకుంది. గంగానది కాలుష్యంపై న్యాయవాది ఎం.సి. మెహతా 1985లో వేసిన వ్యాజ్యంలో, శుద్ధి ఏర్పాట్లు లేని కాన్పూర్ తోళ్ల పరిశ్రమలను మూసేయాలని సుప్రీంకోర్టు 1987లో ఆదేశించింది. వారణాసిలో వీరభద్ర మిశ్రా ఒకవైపు సంకట మోచన్ ఆలయ మహంత్, మరోవైపు హైడ్రాలిక్స్ (నీటి ప్రవాహ శాస్త్రం) బోధించే ప్రొఫెసర్. రోజూ గంగలో మునిగే భక్తుడిగానూ, ఆ నీటిలో ఎన్ని బ్యాక్టీరియా ఉన్నాయో లెక్కించే ఇంజనీరుగానూ ఆయన మాట్లాడేవారు. 1982లో ఆయన స్థాపించిన సంస్థ ఘాట్ల దగ్గర నీటిని క్రమంగా పరీక్షిస్తూ వచ్చింది. 1986లో మొదలైన గంగా కార్యాచరణ ప్రణాళిక కింద కట్టిన పంపులూ శుద్ధి కేంద్రాలూ కరెంటు పోతే ఆగిపోతున్నాయని, అప్పుడు మురుగంతా నదిలోకే వస్తోందని ఆ సంస్థ పదే పదే ఎత్తిచూపింది. నది ఒడ్డున ఉన్నవారికి మొదటి రోజే కనిపించే ఆ లోపం పథకం రాసినవారి బల్ల మీద కనిపించలేదు. పథకం గీసే దశలోనే ఒడ్డు మనుషులను కూర్చోబెట్టుకోవాలి అనడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

శారీరక శ్రమ కూడా, సరైన చోట పెడితే, నదిని మార్చగలదు. పంజాబ్‌లో 160 కిలోమీటర్ల కాళీ బేయీఁ నదిని బాగుచేయడానికి సిక్కు సాధువు బల్బీర్ సింగ్ సీచేవాల్ 2000 సంవత్సరంలో కరసేవ మొదలుపెట్టారు. వేలమంది గుర్రపుడెక్క పీకారు, పూడిక తీశారు. అంతటితో ఆగి ఉంటే ఏడాదిలో గుర్రపుడెక్క మళ్లీ పరుచుకునేదే, ఎందుకంటే దానికి ఎరువు మురుగే. ఊళ్ల మురుగు నదిలో పడకుండా మళ్లించి, చెరువుల్లో నిలబెట్టి తేర్చి, ఆ నీటిని పొలాలకు పారించే పద్ధతిని వాళ్లు దానితో పాటే ప్రచారం చేశారు. నదికి భారమైన మురుగు రైతుకు సాగునీరయింది.

వాననీటి విషయంలో ఇళ్లు చేయగలిగింది ఎక్కువే. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం 2011లో మొదలుపెట్టిన 25 ఏళ్ల పథకం పెద్ద సొరంగాల కంటే వాననీటిని పడిన చోటే ఇంకించే గుంతలు, మొక్కల మళ్లు, నీరు దిగే పేవ్‌మెంట్లనే ఎక్కువ నమ్ముకుంది. వాషింగ్టన్ నగరం 2010 నుంచి ఒక్కో క్యారీ బ్యాగు మీద 5 సెంట్లు వసూలు చేసి ఆ డబ్బులో ఎక్కువ భాగాన్ని అనకోస్టియా నది నిధికి పంపుతోంది.

ఇంతవరకు ‘ప్రజలు’ అన్న మాటను ఒకే ముద్దగా వాడుతూ వచ్చాం. నిజానికి అందులోనే పెద్ద చిక్కు ఉంది. నది కంపు కొట్టినంత కాలం దాని గట్టున నివసించేది వేరే చోట అద్దె కట్టలేనివారు. నది బాగుపడగానే ఆ గట్టు విలువ పెరుగుతుంది, మొదట ఖాళీ చేయాల్సి వచ్చేది వాళ్లే. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో చియాంగ్యేచాన్ వాగును కప్పేసిన ఎత్తైన రహదారిని కూల్చి, 2003 నుంచి 2005 మధ్య 5.8 కిలోమీటర్ల మేర నీటిని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. ప్రపంచమంతా మెచ్చుకున్న పని అది. దాని కోసం పౌరుల కమిటీ కూడా వేశారు, కానీ పురాతన వంతెనల అవశేషాల విషయంలో, పనుల వేగం విషయంలో కమిటీకీ నగర ప్రభుత్వానికీ అభిప్రాయభేదాలు ముదిరాయి. అక్కడి వీధి వ్యాపారులను ఒక పాత స్టేడియంలోకి తరలించారు, కొన్నేళ్లకే ఆ స్టేడియాన్నీ కూల్చడంతో వాళ్లు రెండోసారి చెదిరిపోయారు. వాగులో ఇప్పుడు పారేది కూడా చాలావరకు హాన్ నది నుంచి రోజూ పంపులతో తోడి పోసే నీరే. బంగ్లాదేశ్‌లో 2017లో ఢాకా నడిబొడ్డునున్న హజారీబాగ్ తోళ్ల పరిశ్రమలను బూడిగంగ నదికి దూరంగా సావర్‌కు తరలించారు. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం సరిగా పనిచేయక ధలేశ్వరి నది పాడైంది. ఒక ఒడ్డు ప్రజల గోడు విని మురికిని మరో ఒడ్డు ప్రజల మీదికి పంపడం పునరుద్ధరణ అనిపించుకోదు.

ప్రజాభిప్రాయ సేకరణ పేరుతో జరిగే సమావేశాలన్నీ ఒకటి కావని షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1969లోనే చెప్పారు. ప్రజల పాత్రను ఆమె ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపారు. కింది మెట్ల మీద ప్రజలకు సర్దిచెప్పడం, సమాచారం ఇవ్వడం, మాట వినడం ఉంటాయి. నిర్ణయాధికారం పై మెట్ల మీదే ఉంటుంది. ఏ నది పథకాన్ని అయినా ఈ నిచ్చెన పక్కన నిలబెట్టి చూడవచ్చు. పటాలు గీయడం అయిపోయాక పిలిచే సమావేశం ఏ మెట్టు మీద ఉందో, నమూనాల ఫలితాలను బట్టి పనుల క్రమాన్ని మార్చగలిగే కమిటీ ఏ మెట్టు మీద ఉందో తేడా తెలిసిపోతుంది.

పౌరుల పాత్ర కొన్నిసార్లు నది ఉందని నిరూపించడంతో మొదలవుతుంది. 1938 వరదల తర్వాత లాస్ ఏంజెలిస్ నదిని చాలావరకు కాంక్రీటు కాలువగా మార్చేశారు. అది నది కాదు, వరద కాలువ అన్న భావన ఎంతగా స్థిరపడిందంటే, దాని చట్టపరమైన రక్షణే ప్రశ్నార్థకమైంది. 1986 నుంచి అక్కడ ఒక పౌర సంఘం దాన్ని నది అనే పిలుస్తూ వచ్చింది. 2008లో కొందరు చిన్న పడవల్లో ఆ కాలువ పొడవునా ప్రయాణించి, అందులో పడవ నడుస్తుందని చూపించారు. 2010లో ప్రభుత్వ పర్యావరణ సంస్థ 82 కిలోమీటర్ల నదినంతటినీ నౌకాయాన యోగ్యమైన జలంగా ప్రకటించడంతో, దానిలోకి వచ్చే ఉపవాగులకు సైతం చట్టపు రక్షణ విస్తరించింది.

నది తిరిగి పాడవకుండా నిలబెట్టడం ఇంకా ఎక్కువ కాలం పట్టే పని. జపాన్‌లోని యానగావా పట్టణంలో వందల కిలోమీటర్ల పాత కాలువలు 1970ల నాటికి చెత్తతో, పూడికతో కంపుకొట్టేవి. 1977లో చాలా కాలువలను పూడ్చి మూసేయాలన్న పథకం సిద్ధమైంది. ఆ పని చేయాల్సిన పురపాలక అధికారి హిరోమత్సు త్సుతాఏ దాన్ని మానమని మేయర్‌ను ఒప్పించారు, తర్వాత వాడవాడకూ వెళ్లి జనంతో మాట్లాడారు. కాలువలను వాడుకునేవారే వాటిని తవ్వి శుభ్రం చేసే పాత అలవాటు మళ్లీ మొదలైంది. ఇప్పటికీ అక్కడ ఏటా శీతాకాలం చివర తూములు మూసి కాలువల్లో నీళ్లు దించేస్తారు. కొన్ని రోజుల పాటు అడుగు బయటపడుతుంది. ఇంటి వెనుక మెట్లు దిగి జనం ఆ బురదలో నిలబడి, ఏడాదంతా నీటి కింద దాగినదాన్ని ఒక్కొక్కటిగా పైకి తీస్తారు, ఏ ఇంటి పైపు ఎక్కడ తెరుచుకుందో అప్పుడు అందరికీ కనిపిస్తుంది.